పాలల్లో ఆముదం

నెలలు నిండి వారం దాటినా అమ్మాయికి నొప్పులు రాలేదు. బిడ్డకేమవుతుందోనని నాకు కంటి మీద కునుకు లేదు. డాక్టరమ్మ ఆగమన్నా వినకుండా, పాలల్లో ఆముదం కలిపి, వాసన తెలియకుండా ఏలకుల పొడి వేసి తాగించాను. నొప్పులు రాలేదు సరికదా, విరేచనాలు పట్టుకుని పిల్ల తోటకూర కాడలా వాడిపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే, "ఏం తిన్నావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

అల్లుడు తల దించుకున్నాడు. "నాదే తప్పండి. రాత్రి బయటి తిండి తెచ్చాను. అత్తయ్యగారు వద్దంటూనే ఉన్నారు."



"అతను కాదమ్మా. నేనే పాలల్లో ఆముదం పోశాను," అన్నాను.

సెలైన్ పెట్టారు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. అమ్మాయి నా వైపు చూడలేదు. అల్లుడు మాత్రం, "కూర్చోండి అత్తయ్యగారూ," అని కుర్చీ జరిపాడు. కూర్చోలేకపోయాను.