చుక్కాకు పప్పు

శ్రావణం రాగానే మా లక్ష్మక్క ఎమ్మిగనూరు నుంచి ఆదోనిలోని మా ఇంటికి వస్తుంది. ఇక్కడి నుంచి ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి నడిచి వెళ్లడం ఆమె మొక్కు. ఈసారి ఇంటి మెట్టెక్కుతూనే మోకాళ్లు పట్టుకుని కూలబడింది. రెండూ వాచి ఉన్నాయి, తాకితే వెచ్చగా తగులుతున్నాయి.

"డాక్టరు దగ్గరికి పోదాం పదక్కా."

"ఈమాత్రానికి డాక్టరెందుకప్పా నాగేంద్రా? వావిలాకు నూరి, ఆముదంలో వెచ్చజేసి కడితే దిగిపోతాది. సోమారం నడుస్తా."

వావిలాకులో గుణం లేదని నేను అనలేదు. ఉందనడానికి సాక్ష్యమేమిటని అడిగాను, అంతే. వాపు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. తగ్గిన రోజున కాలికి ఏది కట్టి ఉంటే పేరు దానికి వస్తుంది. ఈ సంగతి నేను వివరించడం పూర్తయ్యేలోపు అక్క రెండుసార్లు ఆవులించింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక మోకాలికి వావిలాకు, రెండో మోకాలికి ఎవరూ మందని చెప్పుకోని చుక్కాకు, అంటే చుక్కకూర. రెండింటికీ ఒకే ఆముదం, ఒకే పాతచీర పీలికలు. నూరేదీ కట్టేదీ నేనే. ఏది ఎక్కడుందో ఆమెకు చెప్పను. ఆదివారానికి వావిలాకు మోకాలు ఒక్కటే దిగితే ఆకు గెలిచినట్టు. ఆమె నడకకు నేను అడ్డురాను. రెండూ ఒకేలా ఉంటే ఆకు ఓడినట్టు. ఆమె నడక మాని డాక్టరు దగ్గరికి రావాలి. అక్క ఈరన్నస్వామి మీద ఒట్టేసింది. ఒట్టుతో మొదలైన ప్రయోగం నాకు రుచించలేదు గానీ అంతకంటే గట్టి పూచీ దొరికేలా లేదు.

ప్రతి ఉదయం రెండు ఆకులూ వేరువేరుగా నూరి, కట్లు కట్టి, రిటైరయ్యాక అలవాటైన గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. ఆదివారం కట్లు విప్పి, టేపు చుట్టి చూశాను. రెండు మోకాళ్లూ దిగాయి. సరిగ్గా ఒకేలా దిగాయి.

"చూశావా అక్కా! చుక్కాకు కట్టినా ఇంతే తగ్గింది. అంటే వావిలాకు గొప్పేమీ లేదు."

అక్క మా ఆవిడ నాగవేణి వైపు చూసింది. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సుక్కాకు యాడ కట్టుకున్యానప్పా? నువ్వు అట్ల పోతానే కుడికాలు కట్టు ఇప్పి పులుపు వాసన సూసినా. సుక్కాకు పప్పులోకేస్తారు గానీ మోకాలికి కడతారా ఎవరన్నా? అది గీకేసి, ఎడమకాలి వావిలాకులో సగం తీసి దీనికీ పెట్టుకున్యా."

"ప్రయోగమని చెప్పాను కదక్కా!"

"రెండు కాళ్లూ నావే గదా. ఒకదానికి మందు పెట్టి ఒకదాన్ని ఎండబెడితే దాని ఉసురు తగలదా?"

"మరి మిగిలిన చుక్కాకు?"

నాగవేణి అందుకుంది: "మొన్న పప్పు శానా బాగుందని మళ్ల ఏయించుకుంటిరి గదా."

నా ప్రయోగంలో సగభాగాన్ని నేనే అన్నంలో కలుపుకుని తిన్నానన్నమాట. కట్లతో మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నందువల్లే వాపు దిగిందని వాదించాను.

"కూసోబెట్టింది ఆకే గదప్పా" అంది అక్క.

రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒట్టు ప్రకారం డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. సుక్కాకు కట్టుకోనప్పుడు ఒట్టెక్కడిదని ఆమె అడిగింది. చెడిన ప్రయోగాన్ని చూపించి ఆమెను ఆపడానికి నాకూ మనసొప్పలేదు.

సోమవారం ఆమె బయలుదేరింది. మధ్యాహ్నం కౌతాళం రోడ్డులోని ఒక టీ అంగడి నుంచి ఫోను వచ్చింది. ఆటోలో వెళ్లేసరికి బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్లు మునుపటికంటే లావయ్యాయి. ముఖం గుడి దిక్కుకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంటోంది. భుజం ఆనించి ఆటో ఎక్కించాను.

ఆదోనికి తిరిగి వచ్చాక డాక్టరు ఆమె మోకాళ్లు పరీక్షించాడు.

"చర్మం కందిందే. ఏం కట్టినారమ్మా?"

"నాకేం తెలుసు సార్? మా తమ్ముడే దినమ్మూ నూరి కట్టినాడు. కాలేజీలో ఫిజిక్సు సెప్తాండె."

డాక్టరు నా వైపు తిరిగాడు. "చదువుకున్నవాళ్లు మీరే ఇట్లా ఆకులు కడితే మేం పల్లెల్లో ఏం చెప్పాలి సార్?"

"అది కాదు, నేను కట్టింది..." అని మొదలుపెట్టాను. చుక్కాకు దగ్గరికి వచ్చేసరికి వాక్యం పూర్తి చేయడం సాధ్యం కాలేదు. ఆయన అప్పటికే మాత్రలు రాస్తున్నాడు.

ఇంటికి వస్తూ మార్కెట్టు దగ్గర అక్క ఆటోను నెమ్మదిగా పోనిమ్మంది.

"కొంచెం వావిలాకు తీసుకుందాం. ఆకు లేకపోయింటే ఆ టీ అంగడి దాకా గూడా పోకపోదును."

"మాత్రలు ఉన్నాయి కదక్కా. రెండూ కలిపితే దేనితో తగ్గిందో మళ్లీ తెలియదు."

"తగ్గింది తెలిస్తే సాలదా?" అని, నా ముఖం చూసి కొంచెం మెత్తబడింది. "సరేలే, నీ మాటే కానీ. మాత్ర ఏ మోకాలికేస్తావో సెప్పు. ఆకు రెండోదానికి కట్టుకుంటా."

మాత్ర రెండు మోకాళ్లకూ పోతుందని నేను చెప్పేలోపే ఆమె ఆటో ఆపించింది.