లోపలెవరైనా ఉన్నారా?

బావగారు రాసిన పుస్తకాలూ, తోటి రచయితలు ఆయనకు రాసిన ఉత్తరాలూ గ్రంథాలయానికి ఇచ్చేద్దామన్నది అక్క. అక్కంటే నా తోడికోడలు, బావగారి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నాకు ఈ వయసులో అక్షరాలు దిద్దించింది కూడా అక్కే. పురుగు కొట్టేస్తే ఎవరికీ కాకుండా పోతాయని ఒకటే గోల పెట్టింది. సరేనన్నాను.

అట్టపెట్టెలతో పాటు మమ్మల్నీ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళి, గ్రంథాలయం నేలమాళిగలో దింపారు. పొడవాటి నడవా, గోడ పొడుగునా గొట్టాలు, ఒక బల్ల. అక్కడి ఆఫీసరమ్మ చిన్నపిల్ల, కలుపుగోలు మనిషి. ఒక పెట్టె తెరిచి ఉత్తరాల కట్ట పైకి తీసింది. ఏ చీర చిరిగితే ఆ చీర అంచుతో అక్క కట్టలు కట్టేది. అది ముడి వేసిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా విప్పలేడు.

"ఇవి ఉంచమండీ. రంగు దిగి కాగితాలకి అంటుకుంటుంది," అంది ఆఫీసరమ్మ. "ముందు పెట్టెలన్నీ పురుగులు చచ్చే గదిలో పెడతాం. ఆ తర్వాత ఈ పీలికలు కత్తిరించేసి తెల్ల నాడా కడతాం."

"కత్తిరించడమెందుకమ్మా? విప్పొచ్చుగా?" అంది అక్క.

"ఇన్ని ముడులు విప్పుతూ కూర్చుంటే మేం రిటైరైపోతామండీ!"

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. బెంచీ మీద కూలబడి, "పీలికలంట! ఇందులో నా పెళ్ళిచీర అంచుందే," అని నాకు మాత్రం వినపడేలా గొణిగింది.

పెట్టెల్ని తోపుడుబండి మీద ఆ గదికి చేరవేస్తున్నారు. దాని చక్రం కీచుకీచుమంటోంది. అక్క మొహం చిట్లించి, "నువ్వెళ్ళి మంచినీళ్ళు తాగిరా. నేనిక్కడే ఉంటా," అంది. కుళాయి పై అంతస్తులో ఉంది. వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బెంచీ మీద అక్క లేదు. సంచీ ఉంది.

ముందు కంగారు పడలేదు. పక్కకెళ్ళి ఉంటుందనుకుని మరుగుదొడ్డి వైపు చూశాను. తలుపు బార్లా తీసి ఉంది. మెట్లెక్కి గేటు దగ్గర కాపలా ఆయన్ని అడిగాను. "ఈ దారిన ఎవరూ పోలేదమ్మా. పెద్దావిడేగా, ఎక్కడికి పోతుంది? ఆవిడేమన్నా చిన్నపిల్లా తప్పిపోవడానికి?" అన్నాడు. ఆ మాటకి ఊరట కలగాలి. కలగలేదు.

కిందికొచ్చి సంచీ తెరిచాను. జేబురుమాలులో చుట్టి అక్క చెవి మిషను ఉంది. బండి చప్పుడు భరించలేక తీసేసినట్టుంది. అది లేకపోతే నెత్తిన పిడుగు పడ్డా దానికి వినపడదు.

అప్పుడు వినిపించింది, నడవా చివర మర తిరుగుతున్న గుంయ్‌మనే చప్పుడు. తోపుడుబండి ఖాళీగా గోడకు ఆనించి ఉంది. పురుగులు చచ్చే గది ఇనప తలుపు మూసి ఉంది. పైన ఎర్రదీపం. తలుపు మీద బోర్డు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను: ‘లోపల మనిషి పీల్చే గాలి ఉండదు. దీపం వెలుగుతుండగా తెరవరాదు.’ తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. తప్పు చదివుంటే బాగుండునని అంతగా కోరుకోవడం అదే మొదలు.

తలుపుకి అరచేయంత అద్దం ఉంది. మొహం ఆనించి చూశాను. అట్టపెట్టెలు, వాటి మీద అట్టపెట్టెలు. వెనకేముందో కనపడదు.

మర పక్కన స్టూలు మీద ఆ గది చూసుకునే ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అక్కడందరూ మందులాయన అంటారు.

"తలుపు తియ్యి నాయనా! మా అక్క లోపలుంది!"

"లోపలెవరూ లేరమ్మా. ఇప్పుడే మర పెట్టాను. మధ్యలో తీస్తే పురుగు చావదు, మళ్ళీ మొదటికొస్తుంది."

"లోపలే ఉంది. ముడులు విప్పడానికి వెళ్ళుంటుంది."

"ముడులేంటమ్మా? మూసే ముందు ‘లోపలెవరైనా ఉన్నారా’ అని కేకేస్తాం. అది ఇక్కడి పద్ధతి. ఒకసారి కాదు, గొంతు పోయేలా అరిచాను. మా ఆవిడ ఇంట్లో ఉండి పలకాలి, అంత గట్టిగా!"

నేను చెవి మిషను ఆయన మొహం ముందు పెట్టాను. "దానికి చెవుడు నాయనా!"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. స్టూలు వెనక్కి పడిపోయింది. మీట కిందికి లాగాడు. మర ఆగింది గానీ ఎర్రదీపం ఆరలేదు.

"తియ్యి మరి!"

"రాదమ్మా. లోపల మంచిగాలి నిండి దీపం ఆరితే గానీ గడి వదలదు," అంటూనే గొట్టమున్న ముసుగొకటి తలకి తగిలించుకుంటున్నాడు. పట్టీ బిగియడం లేదు. నేను బిగించాను.

తలుపు మీద గుద్దాను. చెవులు వినపడకపోయినా ఇనుము అదురుతుంది కదా, నేలకైనా తెలుస్తుంది కదా! రెండు పిడికిళ్ళతో గుద్దాను. అవతలి నుంచి ఏమీ లేదు. ఏడుపు కూడా రాలేదు నాకు. ఇంటికెళ్ళి తాళం తీసి, రెండు కంచాల్లో ఒకటే పెట్టుకోవడం కళ్ళ ముందు కనపడింది. "దాన్నివ్వు, దాన్నివ్వు," అంటున్నాను. ఎవర్ని అడుగుతున్నానో నాకే తెలియదు.

దీపం ఆరింది. మందులాయన తలుపు చక్రం తిప్పి, భుజంతో నెట్టి, "మీరు రావొద్దు!" అని అరిచి లోపలికి దూరాడు. పెట్టెలు దొర్లిన చప్పుడు. తర్వాత వీపు మొదట కనపడింది. అక్క చంకల కింద చేతులు వేసి వెనక్కి లాక్కొస్తున్నాడు. అక్క తల ఓ పక్కకి వాలిపోయి ఉంది. పెదాలు నేరేడుపండు రంగు.

నడవాలో పడుకోబెట్టాడు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన ఆఫీసరమ్మ డాక్టరుకి ఫోను చేస్తూ, అక్క మీద మూగిన మనుషుల్ని తోసేస్తోంది. నేను అక్క చెంపలు రుద్దాను. చెవి మిషను పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను.

అక్క ఒక్కసారిగా గాలి లోపలికి లాగింది, బావిలోంచి తేలిన మనిషిలా. దగ్గింది. కళ్ళు తెరిచి అందర్నీ చూసి చిరాకు పడింది.

"తలుపేశారేంటే? గాలాడలేదు," అంది.

మందులాయన గోడకి చేరబడి మొహం కప్పుకుని ఏడ్చేశాడు. డాక్టరొచ్చి నాడి చూసి, ముక్కుకి గాలి గొట్టం పెట్టి, చాలాసేపు కూర్చోబెట్టి, ఇక ఫరవాలేదు, వెళ్ళొచ్చన్నాడు. కత్తెర వెయ్యబోమనీ, కోలుకున్నాక వచ్చి పై గదిలో బల్ల ముందు కూర్చుని తీరిగ్గా విప్పుకోవచ్చనీ ఆఫీసరమ్మ అంది. అక్క తలూపింది. నేను ఊపలేదు. ఆ గుమ్మం మళ్ళీ తొక్కగలనన్న ధైర్యం నాకు లేదు.

బస్సులో అక్క నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నిద్రే అని డాక్టరు చెప్పాడు గదా. అయినా నా మనసు ఒప్పుకోలేదు. బస్సు కుదుపుకి దాని తల జారినప్పుడల్లా పట్టుకుని మళ్ళీ భుజానికి చేర్చేదాన్ని. చూపుడువేలు దాని ముక్కు కింద పెట్టాను. వెచ్చగా తగిలింది. తీస్తే ఆగిపోతుందేమోనని తియ్యలేదు.

"ఉన్నానే," అంది అక్క కళ్ళు తెరవకుండానే. "వేలు తియ్యి. తుమ్మొస్తోంది."

తియ్యలేదు.