అరువు టైర్లు

నేను ఒక స్కూలు బస్సును. పసుపు రంగు వెలిసిపోయింది గానీ, ఒకప్పుడు నలభై రెండుమంది పిల్లలు నాకోసం రోడ్డెక్కి ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు నన్ను తుక్కు అంటున్నారు. అనండి, నా కథ విన్నాక అనండి.

మా బడివాళ్ళు బస్సులు కొనరు, ఏటా ఒప్పందం రాసుకుని తెచ్చుకుంటారు. మా యజమాని కోటిలింగానికి ఐదు బస్సులుండేవి. ‘బండ్లన్నీ దిట్టంగా ఉండాలి’ అని ఒప్పందంలో ఒక ముక్క ఉండేది. దానికి ఆ మహానుభావుడు చేసిన ఏర్పాటు చూడండి! ఐదు బస్సులకూ కలిపి ఆరే ఆరు కొత్త టైర్లు. జూన్‌లో ఎవరి వంతు వస్తే వాళ్ళకు అవి తొడిగి తనిఖీకి పంపేవాడు. సర్టిఫికెట్ రాగానే విప్పేసి పక్క బస్సుకు తొడిగేవాడు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? ఏడాదంతా గుండు టైర్లతోనే కాలువ కట్ట మీద పిల్లల్ని మోశాను. ఏడేళ్ళు సిగ్గులేకుండా పాసయ్యాను.

పోయిన వానాకాలం కట్ట మీద జారాను. ముందు చక్రం గాల్లో ఉంది, కింద కాలువ. పిల్లలు కెవ్వుమన్నారు. డ్రైవర్ మస్తాన్‌వలి ఎలా ఆపాడో ఆ దేవుడికే తెలియాలి. ఆయా నాంచారమ్మ వెనక తలుపులోంచి ఒక్కొక్కరినీ దించి, డ్రైవర్ వైపు తిరిగింది.

"మస్తానూ, ఇంకోసారైతే ఈ బిడ్డల తల్లులకి ఏం జెప్తావయ్యా?"

మస్తాన్ వెళ్ళి యజమానికి చెబితే, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు.

ఆ వచ్చే ఏడు రానే వచ్చింది. తనిఖీ రోజు పొద్దున షెడ్డులో కొత్త టైర్లు వరసగా పెట్టి ఉన్నాయి. మస్తాన్ వాటి వంక చూడకుండా నా తాళం తిప్పాడు. కోటిలింగం అడ్డమొచ్చాడు.

"ఏందిరా, టైర్లు మార్చకుండా యాడికి?"

"పిల్లకాయలు తిరిగేది వీటి మీదే గదా సార్. ఆ ఇన్‌స్పెక్టర్నీ వీటినే చూడనీయండి."

"నీ ఉద్యోగం ఊడుద్ది!"

"ఊడనీయండి. కట్ట మీద చక్రం ఊడేదానికంటే నయమే."

అబ్బ, ఆ రోజు నా ఇంజను మోగిన మోత! కొత్తగా ఉన్నప్పుడు కూడా అలా మోగలేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నా టైరును అరచేత్తో తడిమి ముఖం చిట్లించాడు. కిందికి దూరి, బయటికొచ్చి, "ఇది పిల్లలెక్కే బండేనా?" అన్నాడు. మస్తాన్ అరువు టైర్ల సంగతంతా చెప్పేశాడు.

నన్ను పనికిరానిదని రాశారు. కోటిలింగం ఒప్పందం రద్దయింది, నన్ను ఈ తుక్కు దుకాణానికి అమ్మేశాడు. బడివాళ్ళు ఇంకొకరితో రాసుకున్న కొత్త ఒప్పందంలో ఒక్కో బస్సు టైర్ల నెంబర్లు రాయించారు. నెలనెలా గేటు దగ్గర వాటిని సరిచూసేది నాంచారమ్మే. ఈ కబుర్లన్నీ మస్తానే చెబుతాడు. ఏ ట్రావెల్స్‌వాడూ మళ్ళీ బండి ఇవ్వలేదు వాడికి. ఆటోలో మిరపకాయల బస్తాలు తోలుతూ, అప్పుడప్పుడు ఇక్కడ ఆగి నా బానెట్ మీద చెయ్యేసి పోతాడు. నాకున్న బాధల్లా అదొక్కటే.

రేపో మాపో నన్ను కోస్తారు. కొయ్యనీయండి! ఏడుసార్లు అరువు కాళ్ళతో పాసయ్యాను, ఒక్కసారి నా కాళ్ళ మీద నిలబడి ఫెయిలయ్యాను. అందుకు నాకేం చిన్నతనం లేదు. నా బదులు వచ్చిన కొత్త బస్సు రోజూ కాలువ కట్ట దిగి ఈ తుక్కు దుకాణం ముందునుంచే వెళ్తుంది. కిటికీల్లో తలలు లెక్కపెడతాను. నలభై రెండూ ఉంటాయి.