కోచ్ గారి శనివారం మౌనం

మాట్లాడటానికి కూడా ముహూర్తం చూసుకునే మనిషిని మా గుంటూరులో చూడలేదు గానీ ఒహాయోలో చూశాను. పేరు హార్లన్ వీలర్. 1981లో నేను నర్సుగా పనిచేసిన వృద్ధాశ్రమంలో ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి. తలకు తోలు టోపీ తప్ప మరే రక్షణా లేని రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి, ముక్కు విరగ్గొట్టుకుని, ఆ తర్వాత ఆ ఊరి చిన్న కాలేజీకి కోచ్‌గా జీవితం ధారపోశాడు. అమెరికా ఫుట్‌బాల్ అంటే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం, ఒకరి మీద ఒకరు పడటం. నా కళ్ళకు అది ఎప్పుడూ జాతరలో తొక్కిసలాటలాగే కనిపించేది.

మామూలు రోజుల్లో ఆయన నోరు ఊరుకునేది కాదు. శనివారం మాత్రం రేడియోలో కాలేజీ ఆట మొదలవగానే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చునేవాడు. ఆట ముగిసేదాకా ఒక్క మాట లేదు. మంచినీళ్ళు కావాలా అన్నా జవాబు లేదు. నాకు ఒళ్ళు మండేది. ఒక ఆదివారం ఆయనే చెప్పాడు. పాతకాలంలో ఆట నడుస్తుండగా కోచ్ బయటి నుంచి సలహా చెప్పినా, చేత్తో సైగ చేసినా జట్టుకు శిక్ష పడేదట. చెప్పాల్సిందంతా ముందే చెప్పాలి, ఆ పైన కుర్రాళ్ళు సొంత బుర్రతో ఆడుకోవాలి. తర్వాత ఆ నిబంధన ఎత్తేశారు. మిగతా కోచ్‌లంతా గొంతు చించుకోవడం మొదలుపెట్టినా ఈయన నోరు విప్పలేదు. ఇప్పుడు మతి సగం చెదిరింది గానీ ఆ పట్టు చెదరలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, రూత్. తండ్రీ కూతుళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ నవంబరులో ఆయన గుండె బలహీనపడిందని కబురు పెడితే డెట్రాయిట్ నుంచి వచ్చింది. వచ్చింది శనివారం, ఆట మొదలయ్యాక.

"చిన్నప్పుడు ప్రతి ఆటకీ వెళ్ళి నాన్నకు చెయ్యి ఊపేదాన్ని. ఒక్కసారి కూడా తిరిగి ఊపలేదు," అంది నాతో వరండాలో. "ఇవాళ పేరు పెట్టి పిలిస్తే చాలు."

"ఆట అయ్యేదాకా ఆగండి," అన్నాను.

"ఆ నిబంధన ఎప్పుడో పోయింది. నాతో మాట్లాడకుండా ఉండటానికి అదొక సాకు," అంటూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నాకు అవతలి గదుల్లో ఊపిరి సలపని పని. సాయంత్రం డ్యూటీ దిగుతుంటే రూత్ ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "ఇంతసేపు కూర్చున్నాను. పెదవి కదపలేదు. ఇంక రాను," అని కారెక్కి వెళ్ళిపోయింది. ముసలాయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

బయట మా ఆయన కృపావరం కారులో ఉన్నాడు. "ఏంటంత మొహం మాడ్చుకున్నావ్? మ్యాచ్ నువ్వు కూడా విన్నావా ఏంటి? మనోళ్ళు మళ్ళీ ఓడిపోయారు."

"అయిపోయిందా?"

"అయిపోయి చాలాసేపైంది కదా!"

వెనక్కి పరిగెత్తాను. గదిలో రేడియో ప్లగ్ పీకేసి ఉంది. కోచ్ మాత్రం అలాగే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఆట ముగిసిందని ఆయనకు చెప్పినవాళ్ళే లేరు.

మంచం కోడుకు ఆయన పాత ఇత్తడి ఈల వేలాడుతోంది. తీసి గట్టిగా ఊదాను. "ఆట అయిపోయింది, కోచ్."

ఆయన భుజాలు వాలిపోయాయి. గబుక్కున పక్క కుర్చీ వైపు తిరిగాడు.

"రూతీ! నువ్వు చెయ్యి ఊపినప్పుడల్లా చూశాను తల్లీ," అన్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. "ఏది? ఇక్కడే కూర్చుందిగా?"

దారిలో ఉన్న మనిషికి కబురు చెప్పే మార్గం లేదు. డెట్రాయిట్‌లో వాళ్ళింటికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. ఆయన తలుపు వైపే చూస్తూ, వచ్చే పోయే ప్రతి ఒక్కరినీ రూతీ అని పిలిచాడు. నేనూ రూతీనే అయ్యాను. నాకు ఏడుపు ఆగలేదు.

రూత్ ఇల్లు చేరి ఫోన్ ఎత్తేసరికి ఆయన పోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"రేడియో నేనే ఆపేశాను," అంది. "ఆట లేకపోతే మాట్లాడతాడనుకున్నాను."