చలి ఊరికి వచ్చిన ఆట

డిసెంబరు వచ్చిందంటే ఫ్రైబర్గ్‌ను పొగమంచు ఎత్తుకుపోయి ఎక్కడో దాచేస్తుంది. పొద్దున తలుపు తీస్తే ఎదురింటి కప్పు ఉండదు, చర్చి గోపురం ఉండదు. వీధి చివర ట్రాఫిక్ లైటు ఒక్కటే గాల్లో ఎర్రగా వేలాడుతూ ఉంటుంది. కిటికీల్లో మాత్రం కమానుల్లా పేర్చిన చిన్న దీపాలు వెలుగుతుంటాయి. చీకటితో గనిలోకి దిగి చీకటిపడ్డాక పైకొచ్చే మనుషుల కోసం వెనకటి రోజుల్లో పెట్టిన దీపాలట అవి. వెండి గనులు మూతపడి చాలా కాలమైంది, దీపాలు పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు. ప్రవీణకు ఈ ఊరు నచ్చడానికి మొదటి కారణం అదే.

ప్రవీణది గోదావరిఖని. నాన్న బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. తను జర్మనీకి వచ్చి ఇక్కడి మైనింగ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పీహెచ్‌డీ సంగతి అడిగితే ముఖం చిట్లిస్తుంది గాని, యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సంగతి ఎత్తితే ఆమె నోరు ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ జట్టుకు మైదానం చూసుకునేవాళ్ళలో ఆమె ఒకతె. గీతలు గీయడం, మంచు తోడడం, గోలు స్తంభాలకు మెత్తలు కట్టడం ఆమె పని. జీతం లేదు, ఎవరూ బతిమాలలేదు, తనే వెళ్ళి చేరింది.

పేరుకు ఫుట్‌బాలే గాని ఆ ఆటంతా చేతులతోనే సాగుతుంది. రెండువైపులా వస్తాదుల్లాంటి కుర్రాళ్ళు కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతుంటారు. కాలికి పని తగిలేది ఎప్పుడో ఒకసారి. ఆ ఒక్కసారి బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నే పని సాద్‌ది. సాద్ హైదరాబాద్ బార్కస్ కుర్రాడు, చిన్నప్పటి నుంచీ అక్కడి మైదానాల్లో బంతి తన్ని తన్ని పెరిగినవాడు. పోయిన ఏడాది ఎడమ మోకాలికి ఆపరేషనైంది. కుడికాలితో తన్నేవాడికి బరువంతా ఎడమకాలి మీదే పడుతుంది కదా, అందుకని డాక్టరు ఒకటే చెప్పాడు, ఇంకోసారి జారితే ఆట మాట మరిచిపొమ్మని.

యూనివర్సిటీ జట్లన్నిటికీ ఏటా డిసెంబరులో ఒక చివరి ఆట ఉంటుంది. దాన్ని బౌల్ అంటారు. అది ఎప్పుడూ దక్షిణాన, పైకప్పు ఉన్న పెద్ద స్టేడియంలో జరుగుతుంది. ఈసారి ఆ ఆటదాకా చేరిన ఫ్రైబర్గ్, దాన్ని మా ఊళ్ళో పెట్టనివ్వండని అడిగింది. నవంబరులో మీటింగు పెట్టారు. ఈ జట్ల సమాఖ్య పెద్ద లోరెంజ్ గారు వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుని, కాదనడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నీ చెప్పారు. చలికి బంతి రాయవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు సగంలో లేచిపోతారు. నేల జారుతుంది. "బౌల్ అంటే పండగ. పండగకు ఎవరైనా వెచ్చటి చోటికి పోతారు గాని ఇలాంటి చోటికి వస్తారా?" అన్నారాయన.

ఇలాంటి చోటు అన్న మాట ప్రవీణకు ఎక్కడో తగిలింది. లేచి నిలబడేదాకా తను లేస్తున్నట్టు ఆమెకే తెలియదు.

"మా ఊళ్ళో వేసవిలో రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటుంది" అంది, తనకు వచ్చిన జర్మన్‌లో. "చుట్టాలు రారని పెళ్ళిళ్ళు కూడా పక్క ఊళ్ళలో పెట్టుకుంటారు. వచ్చినవాళ్ళు ఒకటే అడుగుతారు, ఇక్కడ ఎలా ఉంటున్నారు అని. ఉంటున్నాం కదా, అక్కడా నవ్వుకుంటాం, ఆడుకుంటాం, పిల్లల్ని కంటాం. అక్కడ ఎండకు రారు, ఇక్కడ చలికి రారు. మరి మేం ఎక్కడికి పోవాలి? ఒక్క ఆట పెట్టి చూడండి. బాగాలేకపోతే తీసుకుపోండి."

 వెనక బెంచీలో ఎవరో పిడికిలితో బల్ల మీద టకటకా కొట్టారు. ఇక్కడ యూనివర్సిటీలో చప్పట్లకు బదులు అదే. ఆ చప్పుడు గదంతా పాకింది. లోరెంజ్ గారు అప్పుడు కోటు విప్పారు.

ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. ఇది పరీక్ష మాత్రమే. మైదానం ఆటగాళ్ళకు ప్రమాదమని తేలితే బౌల్ మళ్ళీ పైకప్పు కిందికి పోతుంది, ఇక ఎప్పటికీ ఇటు తిరిగి చూడదు. ఆట అయ్యాక మైదానంలోనే తన నిర్ణయం చెబుతానన్నారు.

ఆ రోజు నుంచి ప్రవీణకు నిద్ర సరిగ్గా పట్టలేదు. కలల్లో సాద్ పరిగెత్తుకొచ్చేవాడు, కాలు ఆనించేవాడు, నేల సర్రుమని జరిగిపోయేది. ఉలిక్కిపడి లేస్తే కిటికీ అవతల మంచు చడీచప్పుడూ లేకుండా పడుతూ ఉండేది.

ప్రవీణ వాళ్ళ ఊళ్ళో బాయి మీద మైసమ్మ గుడి ఉంది. కొబ్బరికాయ కొట్టకుండా ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. నాన్న దేవుణ్ణి పెద్దగా తలిచేవాడు కాదు, అయినా కాయ మాత్రం తప్పించేవాడు కాదు. అందుకే ప్రవీణ కెమ్నిట్జ్ దాకా రైల్లో వెళ్ళి ఏషియన్ షాపులో కాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, నీళ్ళు బాగా ఆడే కాయ ఏరి తెచ్చింది. పిలక లేదు. ఈ దేశంలో కాయను గుండు గీసి మరీ అమ్ముతారు. దేవతకు క్షమాపణ చెప్పుకుని సంచిలో వేసుకుంది.

ఆట రోజు పొద్దున అందరికంటే ముందు ఆమే మైదానానికి వచ్చింది. పడ్డ మంచును బృందం వాళ్ళు రాత్రే తోడేసి పోయారు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి కొంచెం దూరం కనబడి, ఆ తరువాత పొగమంచులో కలిసిపోయింది. అక్కడితో ప్రపంచం అయిపోయినట్టే ఉంది. ఆ తెల్లదనం అవతల గోదావరిఖని ఉందని, నాలుగు అడుగులు వేస్తే బాయి సైరను వినిపిస్తుందని ఆమెకు అనిపించింది. గోలు స్తంభాలకు ఎదురుగా, సాద్ ఎక్కువగా తన్నే చోట ఒక రాయి పెట్టి కళ్ళు మూసుకుంది. తల్లీ, వాడి కాలు జారకుండా చూడు అని కాయ కొట్టింది. కాయ చక్కగా రెండు చెక్కలైంది. నీళ్ళు గడ్డి మీదికి చిమ్మాయి. చెక్కల్నీ రాయినీ సంచిలో వేసుకుని తేలికపడ్డ మనసుతో వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ నూగులా మంచు రాలింది.

మధ్యాహ్నానికి ఊరంతా వచ్చేసింది. దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్ళు, మంచు మీద జారే స్లెడ్జీల్లో పిల్లలు, పాత గని కార్మికుల నల్ల దుస్తుల్లో బాకాలు ఊదేవాళ్ళు. వేడి వైను ఆవిరీ జనం ఊపిరీ పొగమంచులో కలిసి దీపాల చుట్టూ బంగారు రంగు వలయాలు కట్టాయి. ఆటగాళ్ళు ఆ తెలుపులోంచి పుట్టుకొచ్చి అందులోకే మాయమవుతున్నారు. ఎవరూ సగంలో లేచిపోలేదు. లోరెంజ్ గారి బుగ్గలు ఎర్రబడ్డాయి, చేతిలో వైను కప్పు కూడా ఉంది. ప్రవీణ ఆట కంటే ఆయన్నే ఎక్కువ చూసింది.

చివరికి వచ్చేసరికి ఫ్రైబర్గ్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. సాద్ ఒక్కసారి సరిగ్గా తన్నితే గెలుపే.  సాద్ స్తంభాల ముందుకు వచ్చి, బంతి పెట్టే చోటు చూసుకుని, అడుగులు కొలుచుకుంటూ వెనక్కి జరిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది ప్రవీణకు. అది పొద్దున ఆమె కాయ కొట్టిన చోటు. కొబ్బరినీళ్ళు అంత చలిలో నీళ్ళుగా ఉంటాయా? నూగు మంచు కింద అద్దంలా పేరుకుని ఉంటాయి. ఆ ఎడమకాలు ఆనేది దాని మీదే.

ఆపితే ఆట పోతుంది, మైదానంలో మంచుగడ్డ ఉందని అందరికీ తెలిసి బౌల్ కూడా పోతుంది. ఊరుకుంటే వాడి మోకాలు. ఆలోచించడానికి ఏముంది? మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి పరిగెత్తింది.

"సాద్, ఆగు! తన్నకు! కింద ఐస్ ఉంది!"

విజిల్ మోగింది. రెఫరీ వచ్చి బూటుతో మంచు పక్కకు తోస్తే కంచమంత మేర నేల తళతళలాడింది. పారలతో దాన్ని పెళ్ళగించి గీత అవతలికి విసిరేశారు. కాని నియమం నియమమే. ఫ్రైబర్గ్ మనిషి ఆటకు అడ్డం వచ్చింది గనుక జట్టును వెనక్కి జరిపారు. సాద్ చాలా దూరం నుంచి తన్నాల్సి వచ్చింది. బంతి పైకి లేచి పొగమంచులోకి వెళ్ళిపోయింది. ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు. లోపలెక్కడో ఠంగుమని స్తంభం మోగింది. ఆ ఒక్క చప్పుడుతో ఆట పోయిందని అందరికీ అర్థమైంది.

కెప్టెన్ హెల్మెట్ నేలకేసి కొట్టాడు. సాద్ మాత్రం రెండు కాళ్ళతో నడిచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"పరేషాన్ గాకు అక్కా. మ్యాచ్ పోతే పోయింది. కాలైతే ఉంది గదా" అన్నాడు.

లోరెంజ్ గారు వచ్చి ఆమె చేయి పట్టుకుని ఊపారు. "మీ కళ్ళు చాలా చురుకైనవి. ఆ అబ్బాయిని కాపాడారు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆయన గొంతు తగ్గించి చెప్పారు. "కాని మీరే చూశారు కదా. మంచు తోడిన చోట కూడా గడ్డకట్టింది. ఊరు బాగుంది, జనం బాగున్నారు. చలిని ఏం చేస్తాం? నన్ను క్షమించండి, వచ్చే ఏడాది మళ్ళీ పైకప్పు కిందికే."

ఊరుకుంటే సరిపోయేది. ప్రవీణ ఆ సాయంత్రం వీరనారి అయ్యేది, నేరమంతా చలి నెత్తిన పోయేది. చలి నోరు తెరిచి కాదనదు కదా. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అది చలి చేసింది కాదు. నేను చేశాను" అంది. కాయ సంగతి, బాయి సంగతి, మైసమ్మ సంగతి తడబడుతూ మొత్తం చెప్పింది.

లోరెంజ్ గారు జాలిగా చూశారు. "ఊరిని కాపాడటానికి ఇంత కథ అల్లక్కరలేదు" అన్నారు.

ప్రవీణ గీత అవతలికి వెళ్ళి, పారలతో విసిరేసిన ముక్కల్లో ఒకటి ఏరి, దులిపి ఆయనకు అందించింది. "నోట్లో పెట్టుకోండి" అంది. ఆయన అటూ ఇటూ చూశారు. అంత పెద్దమనిషి, మెడకు పట్టు మఫ్లరు, మైదానంలో మంచుముక్క చప్పరించడమా? చివరికి పెట్టుకున్నారు. నాలుక మీద అది కరిగేదాకా అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"తియ్యగా ఉంది" అన్నారు.

సాద్ ఇంకో ముక్క నోట్లో వేసుకుని, "అరె వాహ్, కొబ్బరినీళ్ళే అక్కా!" అన్నాడు. కెప్టెన్ కూడా హెల్మెట్ పక్కన పెట్టి ఒక ముక్క కోసం వంగాడు.

లోరెంజ్ గారు నవ్వలేదు. చాలాసేపు మైదానం వైపు, ఇంకా ఇళ్ళకు పోకుండా నిలబడ్డ జనం వైపు చూశారు. "షరతు పెట్టింది ఊరికి. ఊరు తప్పు చేయలేదు. వచ్చే ఏడాది బౌల్ ఇక్కడే" అన్నారు. మళ్ళీ ఆమె వైపు తిరిగారు. "కాని మీరు ఇక మైదానంలో అడుగు పెట్టకూడదు. గీతలు ఇంకెవరైనా గీస్తారు."

ఆ గీతలంటే ఆమెకు ఎంత ఇష్టమో ఆయనకు తెలియదు. ప్రవీణ తలూపింది. మైదానం బృందం వాళ్ళు వేసుకునే పసుపు జాకెట్టు విప్పి రెఫరీ చేతికిచ్చి, తాడు కింద నుంచి వంగి, దుప్పట్లు కప్పుకున్న జనంలోకి వెళ్ళి నిలబడింది. పక్కనున్న ఒక ముసలావిడ ఏమీ అడగకుండా తన దుప్పటి సగం ఆమె భుజాల మీదికి జరిపింది.

సాద్ తాడు దగ్గరికి వచ్చి ఆమె ముఖంలోకి చూశాడు. "ఏందక్కా, ఏడుస్తున్నవా?"

"ఏడుస్తున్న" అంది ప్రవీణ, ముక్కు తుడుచుకుంటూ నవ్వి. "ఏడిస్తే ఏమాయె? ఆట మనూళ్ళనే ఉంటది గదా."