ఎర్రరంగు పడ్డ తండా

భద్రాచలం రోడ్డు పక్కన షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతున్నారు. అక్కడ తగిలించిన పటాన్ని చూడగానే నిర్మలాదేవికి ఒళ్లు మండిపోయింది. అది ఆమె చేసిన పటం కాదు.

1998 మే నెల. రాబోయే కరెంటు ఫ్యాక్టరీ బూడిదను నింపే చెరువు ఎక్కడ కట్టాలో తేల్చే నివేదిక ఆమె పనిచేసే సర్వే కంపెనీ చేతిలో ఉంది. ఉపగ్రహం కొలిచిన నేల వేడిని నిర్మల కొండల ఎత్తుపల్లాల నమూనా మీద పరిచి, వేడి చోట్లకు ఎర్రరంగు వేసి చూసింది. కొండనీడ ప్రభావం తీసేసినా, కోయగూడెం ఉన్న లోయ నడివేసవిలో చల్లగానే ఉంది. అంటే అక్కడ ఊటలున్నాయి, బూడిద పోయకూడదని రాసింది. ఇప్పుడు తగిలించింది చలికాలపు జనవరి చిత్రం. అందులో లోయా, బయలూ ఒకే రంగు.

"నా వేసవి చిత్రం ఏమైంది సార్?" అని తన కంపెనీ మేనేజర్ వెంకటనారాయణను నిలదీసింది.

"ఏ కాలమైనా నేల నేలేగా అమ్మా. కూర్చో, తర్వాత మాట్లాడదాం."

ఆమె కూర్చోలేదు. మైకు అందుకుంది. "ఈ పటం మోసం! ఆ లోయలో నీళ్లున్నాయి!"

గూడెం పెద్ద సీతయ్య లేచాడు. "అవ్, మా వాగు ఎండకాలం గూడ ఎండదు. ఆమె చెప్పింది నిజం."

గోల పెరిగింది. అధికారి సభను వాయిదా వేశాడు.

కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అంతకంటే ఘోరం చేసింది. నెల తిరక్కముందే ఆమె వేసవి పటాన్నే బయటికి తీసి, చెరువును కొండ అవతలికి, ఎర్రగా కనిపించే చోటికి మార్చింది. 'ఎండిన బంజరు, నష్టం లేదు' అని రాసింది. ఆ ఎరుపు కింద ఒక లంబాడీ తండా ఉంది. దాని పెద్ద బిచ్యా.

"నీ పటమేగా! ఇంకేం కావాలి?" అని నవ్వాడు వెంకటనారాయణ.

నిర్మల మరునాడే తండాకు వెళ్లింది. బిచ్యా కూర్చోమని కూడా అనలేదు.

"కాంట్రాక్టర్లు చెట్లన్నీ కొట్టి లారీలల్ల ఏసుకపోయిండ్రు. గప్పటి సంది నేల కాలుతున్నది. కాలుతున్నదని మమ్మల్ని బూడిదల పూడ్చిపెడ్తరా? గా ఎర్రరంగు ఏసింది నువ్వేనంట గద?"

లోయను కాపాడానని నిర్మల ఇన్నాళ్లూ పొంగిపోయింది. ఇటువైపు ఇంత వేడి ఎందుకుందని ఒక్కసారైనా అడగలేదు. కంపెనీ మీది కోపం తన మీదికీ మళ్లింది.

రాజీనామా చేసి, అడవి ఉన్నప్పటి పాత ఉపగ్రహ చిత్రం సంపాదించింది. రెండో సభలో బిచ్యా పక్కన నిలబడి రెండు చిత్రాలూ ఎత్తి చూపింది.

"ఇక్కడా ఒకప్పుడు చల్లగానే ఉండేది. అడవి నరికి వేడి పుట్టించి, ఆ వేడినే సాకుగా చూపిస్తారా? ఎర్రగా ఉంటే మనుషులు లేనట్టేనా?"

"నీ మీద కేసు వేస్తాం," అని వెంకటనారాయణ అరిచాడు.

"వేసుకోండి!"

సీతయ్య గూడెం జనమంతా వచ్చి తండావాళ్ల మధ్య కూర్చున్నారు. అధికారి నివేదిక మీద సంతకం పెట్టకుండానే లేచిపోయాడు.

చెరువు అక్కడ రాలేదు. కానీ ఫ్యాక్టరీ వాళ్ల జీపులు మరో కొండ దగ్గర తిరుగుతున్నాయని కబురొచ్చింది.

"ఏ కొండ?" అని అడిగింది నిర్మల, చెప్పులు తొడుక్కుంటూ.