కొయ్యచెవి బూడిద

దుంగ మీద ఎడమ పాదం అదిమి, రెండు పిడుల కత్తిని తన వైపు లాక్కుంటున్నాడు. పచ్చి బెరడైతే అరటితొక్కలా ఊడి వస్తుంది. ఎండుదైతే అలిగిన పిల్లలాగా, ఎంత బతిమాలినా కదలదు. ఇవాళ్టిది ఎండుది. కత్తి లాగిన ప్రతిసారీ మెడ నరం పైకి లేచి అణుగుతోంది. ఊడిన పెచ్చులు కాళ్ల చుట్టూ పోగవుతున్నాయి.

కలప అడితిలో అందరూ అతన్ని బెరడు మామ అంటారు. పొట్టి మనిషి. వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. కుడి చూపుడువేలికి గోరు సగమే ఉంది, మిగతా సగం ఏనాడో కత్తికి పోయింది. పనిలో ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, ఎవరూ అతన్ని మెచ్చుకోనూ లేదు. దుంగలు వచ్చాయి, ఒలిచాడు. మళ్లీ వచ్చాయి, మళ్లీ ఒలిచాడు.

దుంగ సగం అయ్యేసరికి కత్తి ఆగింది. బెరడు మీద చెట్టుకు చెవి మొలిచినట్టు గట్టి పుట్టగొడుగు ఒకటి ఉంది. పైన గోధుమరంగు వలయాలు, కింద వెన్నలాంటి తెలుపు. అడితిలో దాన్ని కొయ్యచెవి అంటారు. మిగతావాళ్లు దాన్ని కాలితో తన్నేస్తారు. అతను మాత్రం కత్తి వీపుతో ఒక దెబ్బ కొట్టి, నొప్పి తగలకుండా తీసినట్టు తీసి, తువ్వాలులో చుట్టుకున్నాడు.

దాన్ని రేకుల మీద ఎండబెడతాడు. మూతకు బెజ్జం పెట్టిన డబ్బాలో వేసి సన్నని సెగ మీద కాలుస్తాడు. తొందరపడితే బొగ్గవుతుంది. ఓపిక పడితే తెల్లటి బూడిదవుతుంది. దాన్ని పాత పంచె ముక్కలో జల్లించి, నాలుక కొసకు తాకించి చూస్తాడు. చురుక్కుమనాలి, మంట పుట్టకూడదు. ఆ బూడిద ఒక చిటికెడు, తరిగిన పొగాకు కాస్త, నీటిబొట్టు ఒకటి అరచేతిలో వేసి బొటనవేలితో నలిపితే అడితిలో సగంమంది చేతులు చాస్తారు. సున్నం వాడొచ్చుగా అని ఎవరైనా అంటే నవ్వుతాడు. సున్నం కొడుతుందిరా, బూడిద పలకరిస్తుంది అంటాడు.

అతని చేతి పొగాకు మొట్టమొదట రుచి చూసింది భార్య. పెళ్లయిన కొత్తలో ఓ మధ్యాహ్నం అతను చాటుగా నలుపుకుంటుంటే పట్టేసుకుంది. నాకూ పెట్టు అంది. పెట్టాడు. సాయంత్రం దాకా ఎక్కిళ్లే. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఆమెకు నవ్వు, నవ్వినప్పుడల్లా ఇంకో ఎక్కిలి. ఇంక దీని జోలికి రాదనుకున్నాడు. మర్నాడు అదే వేళకు గడపలో కూర్చుని అరచెయ్యి చాచింది. అప్పటినుంచి ప్రతి సాయంత్రమూ చాస్తూనే ఉంది. మాటలు లేని రోజుల్లోనూ మొహం అటు తిప్పుకుని చెయ్యి మాత్రం ఇటు చాచేది. అతను ఆ చేతిలో పెట్టేవాడు. సగం తగాదా అక్కడే తీరిపోయేది.

ఈమధ్య ఆమె బుగ్గ లోపల తెల్లటి మచ్చ వచ్చింది. కూతురు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు టార్చి వేసి చూసి, పొగాకు ఇవాళే మానకపోతే మచ్చ పుండవుతుందని, ఆ పుండు మంచిది కాదని చెప్పాడు. బూడిద సంగతి ఆయన అడగలేదు, ఇతనూ చెప్పలేదు. ఇంటికి వచ్చాక కూతురు ఏడ్చింది. తల్లి చలించలేదు. "పళ్లన్నీ పోయినా ఊరుకున్నాను. ఇదొక్కటీ మానమనకండి," అంది.

భార్యతో వాదించి గెలిచిన రోజు అతని జ్ఞాపకంలో లేదు. అందుకని దొంగదారి పట్టాడు. నోట్లో చురుకు బూడిదది, ఆకుది కాదు. బూడిద అంతే ఉంచి ఆకు తగ్గిస్తే?

అడితి గేటు దగ్గర టీ కొట్టామె వాడేసిన టీ పొడి విసిరి పారేస్తుంది. దాన్ని అడిగి తెచ్చుకుని, కడిగి, ఎండబెట్టి, పాత పొగాకు సంచిలో కొన్నాళ్లు మాగబెట్టాడు. రంగు కలిసింది, వాసనా పట్టింది. మొదట ఒక వంతు కలిపాడు, తర్వాత సగం, తర్వాత ముప్పాతిక. ఆమె నమిలింది, ఉమ్మింది, ఏమీ అనలేదు. ఇవాళ్టి సంచిలో ఆకన్నదే లేదు. పొద్దున్నుంచి అతని గుండె అదోలా కొట్టుకుంటోంది. అది అందుకేననుకున్నాడు.

"రోజూ ఈ పిప్పి ఎందుకు మామా, మొక్కలకా?" అంది టీ కొట్టామె.

"ఆఁ. ఇంట్లో ఒకే ఒక మొక్క ఉంది."

"పూలు పూస్తుందా?"

"తిడుతుంది," అన్నాడు.

మధ్యాహ్నం ఓ పొరపాటు జరిగింది. అసలు ఆకు కుడి జేబులో, భార్యది ఎడమ జేబులో పెట్టుకోవడం అతని పద్ధతి. రంపం మేస్త్రీ పొగాకు అడిగేసరికి చేతుల నిండా జిగురు ఉండడంతో, నువ్వే తీసుకో అన్నాడు. మేస్త్రీ ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. జేబులోనే ఉన్న బూడిద పొట్లం విప్పి కలిపి నలుపుకుని, బుగ్గన పెట్టుకుని, బూడిద భలే కుదిరింది మామా అని రంపం దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఒక దుంగ కోసేంతలో మేస్త్రీ మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కొరుకుతోంది కానీ ఎక్కట్లేదేంటి? నాకేమైనా జబ్బా?"

విషయం చెప్పక తప్పలేదు. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగాక, అత్తకి తెలిస్తే నీ బెరడు ఒలుస్తుంది అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని పాత చొక్కాకు గుండీ కుడుతోంది. దారం తెంపి, సూది కొంగుకు గుచ్చుకుని చెయ్యి చాచింది. అతను గూట్లోంచి బూడిద డబ్బా తీశాడు. ఎప్పటిలా మూడు వేళ్లు గుచ్చి చిటికెడు తీసి, మూత పెట్టి పక్కన ఉంచాడు. నలిపాడు. ఆమె బుగ్గన పెట్టుకుంది. అతను వీధిలోకి చూస్తున్నట్టు నటిస్తూ ఆమె దవడ కదలిక చూశాడు. దవడ ఆగింది. మళ్లీ కదిలింది.

"ఇవాళ బాగా కుదిరిందయ్యా," అంది.

అతను గోడకు చేరగిలబడ్డాడు. కొత్త పెళ్లికొడుకులా మొహం దాచుకోవాల్సినంత సంతోషం వేసింది. అరచేతికి మిగిలిన బూడిదతోనే తన వంతు అసలు ఆకు నలుపుకున్నాడు గానీ నోట్లో వేసుకోలేదు. వేసుకోవచ్చులే, తొందరేముంది అనుకున్నాడు. ఆమె కూతురింటి కబుర్లు మొదలుపెట్టింది. మనవరాలికి పన్ను ఊడిందట, దాన్ని దిండు కింద దాచుకుందట. అతను ఊఁ అన్నాడు. ఊడిన చోట నాలుక పెట్టి ఈల వేస్తోందట. ఊఁ అన్నాడు. తర్వాత ఆమె చెప్పినదానికి ఊఁ రాలేదు.

"నిద్రపోతే పో, ఊఁ కొట్టి పో," అంది ఆమె.

గుప్పిట మూసే ఉంది. అందులో నలిపిన ఆకు ఇంకా తడిగానే ఉంది.

జరగాల్సినవన్నీ జరిగాయి. అడితివాళ్లు వచ్చారు, మోశారు, వెళ్లారు. కొన్నాళ్లు పోయాక రంపం మేస్త్రీ మంచి ఆకు పొట్లం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఈ వయసులో అలవాటు ఎక్కడ మానగలవత్తా, ఉంచుకో అన్నాడు. కూతురు మేస్త్రీని కోపంగా చూసింది. ఆమె పొట్లం విప్పి వాసన చూసి మళ్లీ మడిచింది.

"టీ పిప్పి నమిలేదానికి ఇంత మంచి ఆకెందుకురా?"

ఇద్దరూ తెల్లబోయారు. మేస్త్రీ చెప్పగా ఆ సంగతి విన్న కూతురు, తెలిసీ ఎందుకు నమిలావమ్మా అని అడిగింది.

"ముదురాకు రుచి నా నాలుక్కి తెలీదా? నేను పెట్టుకోగానే దొంగలా నా దవడకేసి చూసేవాడు. ఆ చూపు కోసం గడ్డి పెట్టినా నమిలేదాన్ని."

వాళ్లు వెళ్లాక ఇల్లు నిశ్శబ్దమైంది. ఎప్పుడూ చెయ్యి చాచే వేళయింది. నోరు ఊరింది. ఇవాళ ఆపేవాళ్లు లేరు, దొంగగా చూసేవాళ్లూ లేరు. పొట్లం విప్పి ఆకు తుంచి అరచేతిలో వేసుకుంది. బూడిద లేకుండా నమలడం ఆమెకు ఎన్నడూ తెలియదు. గూట్లోంచి డబ్బా తీసి మూత విప్పింది. వేళ్లు లోపలికి వెళ్లబోయి ఆగిపోయాయి.

లేచి, ఆకును పొయ్యిలో వేసి వచ్చింది. మూత బిగించి, డబ్బాను కుదపకుండా రెండు చేతులా పట్టుకుని తిరిగి గూట్లో పెట్టింది. లోపల తెల్లని బూడిదలో, చిటికెడు తీసిన చోట, మూడు వేళ్ల గుంట అలాగే ఉంది. ఒక వేలికి గోరు సగమే.